పోలికల నడుమ భేదము: సిర్ఫిడ్ ఈగలను గుర్తించు విధము

పరిశీలనాశక్తి నలవరచుకొనగోరువారికి, దూరదేశములలోని అపూర్వవస్తువులను చూచుటకంటె, తమ పెరటిలో విరిసిన ధనియాల పూగుత్తిమీద పక్కపక్కనే వ్రాలిన రెండు చిన్న ఈగలు ఒకే జాతికి చెందినవా, వేర్వేరు జాతులవా అని నిర్ణయింపబూనుట ఎక్కువ కఠినమైనదియు, ఎక్కువ ఫలమొసగునదియు అగు అభ్యాసమని నా దృఢవిశ్వాసము. ఈ అభ్యాసమునకు సిర్ఫిడ్ ఈగలకంటె అనువైన ప్రాణులు అరుదు. ఆరువేలకు మించిన జాతులుగా విభజింపబడి, అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను వ్యాపించియున్న ఈ కీటకములు పూవులను వెదకికొనుచు తామే మన యెదుటికి వచ్చును. గాలిలో ఒక్కచోట నిశ్చలముగా నిలిచి చూచువానికి వ్యవధి నొసగును. కొండి లేనివి గనుక వీనిని సమీపించుటకు భయపడనక్కరలేదు. ఇన్ని సౌలభ్యములున్నను, నల్లని ఒడలిమీద పసుపుపట్టెలు గల జాతులు వీనిలో వందలకొలదిగా నుండుటచేత, ఆ పట్టెలను మాత్రమే చూచి పేరు చెప్పబూనినవాడు ఆదిలోనే దారి తప్పును.

రెండు వస్తువులు ఒకేరీతిగా కనబడినప్పుడు సామాన్యముగా మనము చేయుపని, ఆ రెంటిని మరింత తీక్ష్ణముగా, మరింతసేపు, మొత్తముగా చూచుట. దానివలన భేదము తోచదు సరికదా, పోలికయే మనస్సున మరింత దృఢపడును. నూరు గొఱ్ఱెల మందలో తన గొఱ్ఱెను క్షణములో చూపగల గొల్లవాడు దాని మొత్తపు రూపమునుబట్టి గుర్తించుచున్నాడని మనకు తోచునుగాని, నిజమునకు చెవికొసనున్న మచ్చయో, కొమ్మువంపో, నడకయందలి విశేషమో అతని చూపు తొట్టతొలుత వెదకుచుండును. అభ్యాసముచేత ఆ వెదకుట అతనికే తెలియనంత శీఘ్రమైనది, అంతియే. సిర్ఫిడ్ ఈగలను గుర్తించు విద్యయు ఇట్టిదే. ఏ రెండు జాతుల నడుమ ఏ అంగమున భేదమున్నదో ముందుగా నెరిగి, తక్కిన దేహమునంతటిని తాత్కాలికముగా మరచి, చూపు నా అంగముమీద నిలుపుటయే ఇందలి రహస్యము. ఈ అధ్యాయమున చెప్పబోవునదంతయు దానికి వివరణమే.

ఒక ఈగ పేరుకొరకు ఇంత శ్రమ యెందులకని అడుగువారికి సమాధానము ఈ ఈగల జీవితములయందే కలదు. రెక్కలు వచ్చిన పిదప మకరందమును, పుప్పొడిని ఆరగించుచు ఇంచుమించు ఒకేరీతిగా బ్రతుకు ఈ కీటకములు, పురుగుదశయందు మాత్రము ఒకదానితో నొకటికి పొత్తులేని వృత్తుల నవలంబించును. కొన్నిటి పురుగులు పేనుబంకను తిని పెరుగును. కొన్నిటివి మురుగునీటిలో క్రుళ్లిన పదార్థముమీద బ్రతుకును. కొన్ని పుచ్చిన మ్రాకుల తొఱ్ఱలలో నుండును. కొన్ని పూలమొక్కల దుంపలను తొలిచి పాడుచేయును. మరికొన్ని కందిరీగల గూళ్లలో ప్రవేశించి అచ్చటి వ్యర్థములను తినుచు కాలము గడపును. కావున పేరు మారెనా, జీవితకథయంతయు మారును.

తెలుగు రైతునకు ఈ విషయము మరింత సన్నిహితమైనది. అలసందకును, వేరుశనగకును పేనుబంక సోకినప్పుడు, తల్లి ఈగ ఆ గుంపుల నడుమ తెల్లని కోలగ్రుడ్లను ఒక్కొక్కటిగా పెట్టిపోవును. వానినుండి వెలువడు పురుగు కాళ్లు లేనిదై, తల యున్నదో లేదో తెలియనిదై, ముందువైపునకు సన్నగిలిన దేహముతో పచ్చగానో గోధుమవన్నెగానో ఉండి, తడుముకొనుచు సాగి, పేనుబంకను పట్టి పైకెత్తి, రసమును పీల్చి, వట్టి తోలును విడిచిపెట్టును. ప్యూపా దశకు చేరులోపల ఒక్కొక్క పురుగు వందలకొలది పేనుబంకలను ఇట్లు హరించును. దీనిని ఆకు తిను గొంగళిపురుగని భ్రమించి మందు కొట్టినవాడు తనకు తోడుపడు ప్రాణిని తానే చంపుకొనుచున్నాడు. గొంగళిపురుగునకు గట్టి తలయు, వక్షమున మూడుజతల కాళ్లును స్పష్టముగా నుండును. సిర్ఫిడ్ పురుగునకు ఈ రెండును లేవు. ఈ భేదమును చూచుటకు భూతద్దము సయితము అక్కరలేదు. అక్షింతల పురుగును, అల్లికరెక్కల పురుగును మిత్రపురుగులుగా నెరిగిన రైతులందరు ఈ కాళ్లులేని పురుగును కూడ అట్లే ఎరిగియుండుట ఆవశ్యకము. ఈ ఈగల సేవ ఎంతటిదో ఊహించుటకు ఒక్క ఉదాహరణము చాలును: రాడార్ల సాయమున దక్షిణ ఇంగ్లండున జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఏటేట 400 కోట్ల వరకు సిర్ఫిడ్ ఈగలు ఆ ప్రాంతమునకు రాకపోకలు చేయుచున్నవని లెక్కకు వచ్చినది.

ఇక గుర్తించు క్రమమునకు వత్తము. మొట్టమొదటి ప్రశ్న ఇది తేనెటీగయా, కందిరీగయా, ఈగయా అన్నది. సిర్ఫిడ్ ఈగలలో అనేకములు కొండిగల కీటకముల రూపమును ధరించి పక్షులబారినుండి తప్పించుకొనును. స్పైలోమైయా ప్రజాతిలోనివి తమ పొట్టి స్పర్శశృంగములకు బదులుగా ముందుకాళ్లను ఎత్తి ఆడించుచు, కందిరీగకుండు పొడవాటి శృంగములను సయితము అనుకరించును. ఈ వేషమునకు లొంగక చూచుటకు సాధనములు మూడు. తేనెటీగకును కందిరీగకును రెక్కలు నాలుగు, ఈగకు రెండు మాత్రమే; ఈగకు వెనుకరెక్కలకు మారుగా గుండుసూది తలలవంటి రెండు చిన్న సంతులకములుండును. తేనెటీగ శృంగములు పొడవై మోచేతివలె వంగియుండును. సిర్ఫిడ్ ఈగ శృంగములు చాలవరకు పొట్టివై, చివరి ఖండముమీద ఒక రోమమును కలిగియుండును. ఈగ తలలో అధికభాగమును కన్నులే ఆక్రమించును. పూవుమీద మెదలుచున్న కీటకమున రెక్కల నెంచుట కష్టము గనుక, అభ్యాసకులు మొదట కన్నులను, పిదప శృంగములను చూచుట మేలు.

ఈ ఒక్క భేదమును గమనింపకపోవుటచేత ఒక పెద్ద విశ్వాసము శతాబ్దములపాటు నిలిచినది. చచ్చిన ఎద్దు కళేబరమునుండి తేనెటీగలు పుట్టునని ప్రాచీన గ్రీకులును, రోమనులును నమ్మిరి. వర్జిల్ మహాకవి తన జార్జిక్స్ కావ్యమున నాలుగవ భాగమునందు ఆ విధానమునంతటిని వర్ణించినాడు. రష్యా దౌత్యోద్యోగిగా న్యూయార్కున పనిచేసి, ఈగలను గూర్చిన శాస్త్రమున అగ్రగణ్యుడైన ఓస్టెన్ సాకెన్ 1894లో ఒక గ్రంథము వ్రాసి, ఆ కళేబరములనుండి వెలువడినవి తేనెటీగలు కావనియు, వానిని అచ్చముగా పోలియుండు ఎరిస్టాలిస్ టీనాక్స్ అను సిర్ఫిడ్ ఈగలనియు వాదించెను. ఆ ఈగ పురుగు క్రుళ్లిన ద్రవములలో మునిగి, తోకవలె సాగు పొడవాటి శ్వాసనాళమును నీటిపైకి చాచి ఊపిరి పీల్చుకొనుచు పెరుగును. కుళ్లిన కళేబరము దానికి తగిన నివాసమే. పండితులును, కవులును, తేనెపట్టులను పెంచువారును ఆ కీటకమును చూచియే యుందురు. కాని వారందరు చూచినది వన్నెను, పరిమాణమును, రొదను. రెక్కల నెంచినవారు లేకపోయిరి.

ఈగ యని తేలిన పిదప అది సిర్ఫిడ్ కుటుంబమునకు చెందినదా అని చూడవలయును. దీనికి రెక్కయే ప్రమాణము. రెక్క నడుమ, పొడవుగా సాగు రెండు ఈనెల మధ్య, కొసలు దేనికిని అతుకక, మడతవలె కనబడు ఒక మిథ్యా ఈనె యుండును. ఇతర ఈగలలో ఇట్టిది కానరాదు. కొన్ని జాతులలో ఇది మిక్కిలి మసకగా నుండును గనుక రెక్కను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలయును. రెండవ గురుతు, రెక్కచివరి ఈనెలు అంచునకు సమాంతరముగా వంగి, అసలైన అంచునకు లోపల మరియొక అంచు గీచినట్లు కనబడుట. ఈ రెండు గురుతులను ఒక్కసారి కంటితో పట్టుకొన్నవానికి కుటుంబ నిర్ణయము జీవితమున మరల సమస్య కాదు. కావున ప్రారంభదశలో జాతుల పేర్లకు తొందరపడక, పదిరకముల ఈగల రెక్కలను కాగితముమీద పెన్సిలుతో గీయుడని నా సలహా. చిత్రలేఖనము రాకున్నను బాధలేదు. గీయునప్పుడు ప్రతి ఈనె ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో చేయి అడుగును. కన్ను సమాధానము వెదకక తప్పదు.

ఆ చిత్రములలో కొన్నిటియందు మూడవ పొడవాటి ఈనె తిన్నగా సాగక, నడుమ లోతుగా క్రిందికి వంగి మరల పైకి లేచుట మీకు కనబడును. ఈ వంపు ఎరిస్టాలిస్‌కును దాని బంధువర్గమునకును ముఖ్యచిహ్నము. వానిలో సయితము ఎరిస్టాలిస్ ప్రజాతియందు రెక్క పైయంచున నుండు ఒక గది, అంచునకు చేరకముందే రెండు ఈనెలు కలిసికొనుటచేత మూసుకొనిపోవును. హెలోఫిలస్ ప్రజాతియందు అదే గది అంచువరకు తెరచియుండును. వన్నె ఎట్లున్నను, పరిమాణము ఎంతైనను, ఈ ఈనెల అమరిక మారదు.

కుటుంబమును, ప్రజాతిని దాటి జాతికి పోవుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. తొందరపాటుగలవారు దానినే విడిచిపెట్టుదురు. అది మగదా, ఆడదా అన్న ప్రశ్న. సామాన్యముగా మగ సిర్ఫిడ్ ఈగ కన్నులు నడినెత్తిన ఒకదానినొకటి తాకియుండును. ఆడదానికి వాని నడుమ ఎడముండును. హెలోఫిలస్ వంటి కొన్ని ప్రజాతులలో మగవానికి సయితము ఎడముండుననుట జ్ఞాపకముంచుకొనవలెను. ఈ ప్రశ్న ఇంత ముఖ్యమగుటకు కారణము, అనేక జాతులలో ఆడవానిని వేరుచేయు గురుతు మగవానియందు పనికిరాకపోవుటయు, మగవానిని వేరుచేయు గురుతు ఆడవానియందు లేకపోవుటయును. లింగము తెలియక గురుతులను వెదకువాడు ఒక ప్రశ్నకు వేరొక ప్రశ్నయొక్క సమాధానమును చెప్పుచున్నాడు.

ఐరోపా తోటలలో, ముఖ్యముగా ఇంగ్లండున, ఈ విద్యను నేర్చువారందరు తొలుత ఎదుర్కొను సమస్య ఎరిస్టాలిస్ సోదరులది. తేనెటీగనే మరపించు గోధుమవన్నె దేహముతో టీనాక్స్, పెర్టినాక్స్ అను రెండు జాతులు ఒకే పూవుమీద చేరును. ఉదరముమీది నారింజవన్నె మచ్చలు రెండింటను ఎక్కువ తక్కువలుగా మారుచుండును గనుక అవి ప్రమాణము కాజాలవు. చూడవలసినది కాళ్లు. పెర్టినాక్స్ ముందుకాళ్ల పాదములును, నడిమి కాళ్ల పాదములును లేత పసుపువన్నెగా నుండును. టీనాక్స్‌కు అవి నలుపుదేరియుండును. టీనాక్స్ వెనుకకాలి పిక్క లావై, వంపుదిరిగి, రోమములతో కూడియుండును. దాని కన్నులమీద దట్టమైన రోమములు రెండు నిలువుపట్టెలుగా నేర్పడియుండును. ఈ నేత్రరోమపు పట్టెలు తోడిజాతులలో లేవు. శీతకాలమును టీనాక్స్ ఆడ ఈగలు గుహలలోను, గోడబీటలలోను దాగి గడపును గనుక, ఎండ కాసిన శీతదినమున కనబడు ఎరిస్టాలిస్ టీనాక్సే యని తలచుట సహజము. కాని ఋతువు ఊహకు తోడ్పడునేగాని సాక్ష్యము కానేరదు. పాదమును చూచి తీరవలెను.

మూడవ సోదరుడైన ఆర్బస్టోరమ్ మరియొక పాఠము నేర్పును. టీనాక్స్ ముఖము నడుమ వెడల్పైన నల్లని మెరుపుగీత యుండగా, ఆర్బస్టోరమ్ ముఖమంతయు లేతవన్నె నూగుతో కప్పబడి, గీత లేకయుండును. గ్రంథములలో ఇది చక్కని గురుతుగా చెప్పబడినది, చక్కనిదే. కాని పూవులలో తల దూర్చి దూర్చి ఈగ ముదిసినకొలది ఆ నూగు రాలి, దాని క్రింది నల్లదనము బయటపడును. అప్పుడు గీత లేని జాతి గీతగలదిగా కనబడును. కావున ముఖమున గీతను చూచిన వెంటనే నిర్ణయింపక, ఆ ఈగ రెక్కల అంచులు చిరిగియున్నవా, వక్షమున రోమములు రాలినవా అని పరికింపవలయును; ఒక గురుతు ఉండుట వేరు, కాలముచేత కలుగుట వేరు. ఈ వివేచన లేనియెడల మంచి గురుతు సయితము మోసపుచ్చును.

సిర్ఫస్ ప్రజాతి మరింత సూక్ష్మమైనది. నల్లని ఉదరముమీద అడ్డముగా పసుపుపట్టెలు గల ఈ ఈగలను మొదట ప్రజాతిగా నిర్ణయించుటకు ఒక అపురూపమైన గురుతున్నది: రెక్క మొదట వెనుకవైపున నుండు చిన్న పొర యొక్క క్రింది తమ్మె పైతలమున పొడవాటి పసుపురోమములుండుట. పోలియుండు ఇతర ప్రజాతులలో ఆ తలము నున్నగా నుండును. ఇందలి రైబేసియై, విట్రిపెన్నిస్, టోర్వస్ అను మూడు జాతులను ఒకదాని పక్కన నొకటి ఉంచి చూచినను, పైనుండి చూచినంతకాలము భేదము తోచనే తోచదు. ఆడ ఈగ అయినచో వెనుకకాలి తొడను చూడవలెను. రైబేసియై ఆడదానికి తొడ మొదటినుండి చివరివరకు పసుపుగా నుండును. విట్రిపెన్నిస్ ఆడదానికి మొదటినుండి సుమారు మూడింట రెండువంతులు నల్లగా నుండును. టోర్వస్‌కును తొడ మొదట నల్లదే గనుక అచ్చట ఆగక కన్నులను చూడవలెను. దాని కన్నులమీద రోమములు కలవు, తక్కిన రెంటికి లేవు. మగ టోర్వస్‌కు ఈ రోమములు స్పష్టముగా కనబడును; ఆడదానికి పొట్టివై పలుచగా నుండును గనుక పక్కనుండి వెలుతురు పడునట్లు త్రిప్పి చూడవలసియుండును. ఈ టోర్వస్‌కు 1875లో నామకరణము చేసినవాడు, ఎద్దు తేనెటీగల రహస్యమును విప్పినట్టి ఓస్టెన్ సాకెనే యగుట నాకు సంతోషము కలిగించు విషయము. కన్నులమీది సన్నని రోమమును వదలని చూపే ప్రాచీనకావ్యములోని ఈగను సయితము పట్టగలిగినది.

రైబేసియై, విట్రిపెన్నిస్ మగవానికి మాత్రము ఈ సౌలభ్యములేవియు లేవు. రెంటికిని తొడ మొదట నల్లగానే యుండును. కన్నులు రెంటికిని నున్ననివే. రెక్క మొదటిభాగమున నుండు రెండవ మూలగదిని సూక్ష్మదర్శినిక్రింద చూడగా, రైబేసియైకి ఆ గదియంతయు కంటికానని సూక్ష్మరోమములతో కప్పబడియుండును; విట్రిపెన్నిస్‌కు కొంతభాగము నున్నగా మిగిలియుండును. పొలమున నిలిచి, చేతి భూతద్దముతో ఈ నిర్ణయము చేయుట అసాధ్యము. ఛాయాచిత్రముమీద చేయుటయు చాలవరకు అసాధ్యమే. ఇట్టి మగ ఈగకు జాతినామమును వ్రాయువారి ధైర్యము మెచ్చదగినది కాదు.

వన్నెను ఏల నమ్మరాదో తెలుపుటకు ఎపిసిర్ఫస్ బాల్టియేటస్ ఉత్తమోదాహరణము. 1776లో డి గీర్ వర్ణించిన ఈ ఈగ ఐరోపానుండి ఆసియా అంతట వ్యాపించియున్నది. మన దేశమునను సుపరిచితమైనది. దీని ఉదరముమీద మూడవ, నాల్గవ ఖండితములయందు వెడల్పైన నల్లపట్టెతో పాటు, దానికి పైగా మీసమువంటి మరియొక సన్నని నల్లపట్టెయు ఉండును. ఈ జంటపట్టెల అమరికయే దీని ముద్ర. కాని ప్యూపా దశ చలిలో గడిచిన ఈగకు నలుపు విస్తరించి పసుపు సన్నగిల్లును. వేడిలో గడిచినదానికి పసుపు హెచ్చి నలుపు తగ్గును. ఒకే తల్లి సంతతి రెండు ఋతువులలో పుట్టినచో రెండు జాతులవలె కనబడును. ఇట్లు వన్నెయొక్క పాళ్లు మారునుగాని పట్టెల అమరిక మారదు. అభ్యాసకులు పాళ్లను విడిచి అమరికను పట్టుకొనవలెను. పరిమాణమును గూర్చియు ఇట్లే చెప్పవలయును. పురుగుదశలో ఆహారము చాలని ఈగ చిన్నదిగనే మిగులును, ఒకసారి రెక్కలు వచ్చిన ఈగ పెరుగదు గనుక.

ఇప్పుడు మన చేలకు రండు. అలసంద చేని గట్టున గడ్డిచామంతి పూచినచోట సాధారణముగా కనబడు పట్టెల ఈగలలో మూడింటిని వేరుచేయుట నేర్చినచో గొప్ప మెట్టెక్కినట్లే. మొదటిది ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్. ఫాబ్రిసియస్ 1805లో దీనిని వర్ణించెను. రెండవది పైన చెప్పిన ఎపిసిర్ఫస్. మూడవది స్ఫీరోఫోరియా ప్రజాతి. ఈ మూడింటను ఉదరమును చూడక ముందుగా వక్షమును చూడుడు. ఇస్కియోడాన్‌కును స్ఫీరోఫోరియాకును వక్షపు ఇరుపక్కల అంచులవెంబడి గీతగీచినట్లు స్ఫుటమైన పసుపుచార యుండును. ఎపిసిర్ఫస్‌కు అట్టి స్ఫుటమైన చార లేదు, కంచువన్నె వక్షముమీద మసకచారలు మాత్రమే యుండును. ఇట్లు ఒకటి తొలగిపోయినది. మిగిలిన రెంటిలో స్ఫీరోఫోరియా సన్నని, ఇరుపక్కల సమానముగా సాగు ఉదరము గలది. మగవానికి ఉదరము చివర ఉబ్బిన గోళమువంటి అంగముండును. ఇస్కియోడాన్ ఉదరము అంతకంటె వెడల్పై కోలగా నుండును. మగవానికి వెనుకకాలి తొడ మొదటి కీలువద్ద ఒక చిన్న ముల్లు పొడుచుకొనివచ్చియుండును. ఈ ముల్లు కనబడెనా, సందేహమునకు తావు లేదు. అది కానరాకపోయినంత మాత్రమున అది ఇస్కియోడాన్ కాదనరాదు. ఆడది కావచ్చును, కాలు ముడుచుకొని యుండవచ్చును.

ఆ గట్టుననే అయిదారు మిల్లీమీటర్ల చిన్న ఈగ ఒకటి, కన్నులమీద తెల్లని రోమములు పట్టెలుగా నేర్పడినది, కనబడవచ్చును, అది పారాగస్. మురుగుకాలువ సమీపమున చుక్కల కన్నులతో, తేనెటీగ పరిమాణముతో వ్రాలునది ఎరిస్టాలైనస్ ప్రజాతిది కావచ్చును; దాని రెక్కయందలి లోతైన వంపును చూచి నిశ్చయించుకొనుడు.

సాధనములు స్వల్పములే. పదింతలుగా చూపు చేతి భూతద్దము, మెత్తని గుడ్డవల, మూతగల చిన్న గాజుగొట్టము, నోటుపుస్తకము. ఈగను గొట్టములోనికి తీసి కొంతసేపు చల్లనిచోట నుంచినచో అది మందగించును; పరీక్షించి, వెచ్చని ఎండలో విడిచినచో ఎగిరిపోవును. ఛాయాచిత్రములు తీయువారు పైనుండి ఒక్క చిత్రముతో తృప్తిపడుదురు. ఈ అధ్యాయమున చెప్పిన గురుతులలో ఎన్ని పైనుండి కనబడునో లెక్కించినచో ఆ తృప్తి నిలువదు. ముఖమునకు ఎదురుగా ఒకటి, వెనుకకాలు కనబడునట్లు పక్కనుండి ఒకటి, రెక్క విప్పియున్నప్పుడు ఒకటి, పైనుండి ఒకటి తీయవలెను. వీనిలో పక్కనుండి తీసినది తరచుగా అన్నిటికంటె ఉపయోగపడును.

గ్రంథములలోని నిర్ధారణ సూచికలు ప్రతిమెట్టునందు రెండు పరస్పరవిరుద్ధ వాక్యముల నుంచి, ఒకదానిని ఎన్నుకొనుమని కోరును. మన దేశపు సిర్ఫిడ్ ఈగలకు బ్రూనెట్టి 1923లో రచించిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటము చిరకాలము ఆధారమైనది, దానిలోని అనేక నామములు ఇప్పుడు మారినవి. ఇంగ్లండువారికి స్టబ్స్, ఫాక్ అను ఇరువురు 1983లో వెలువరించిన గ్రంథము ఒక తరమును తీర్చిదిద్దినది. ఏ సూచికనైనను చదువునప్పుడు మొదటి వాక్యము సరిపోయినదని రెండవదానిని చదువక ముందుకు సాగుట సామాన్యదోషము. రెండును చదువుడు. రెండును సరిపోవునట్లు తోచినచో రెండు దారులను చివరవరకు నడచి, ఏ దారి చివరనున్న వర్ణనము మీ ఎదుటి ఈగతో అన్నియెడల ఏకీభవించునో చూడుడు. ఒక సూచిక ఒక దేశమునకొరకు వ్రాయబడియుండును. ఇంగ్లండు గ్రంథముతో గుంటూరు ఈగను పరీక్షించినచో ఏదో ఒక పేరు తప్పక లభించును, అది ఆ ఈగ పేరు కాకపోవచ్చును.

ఒక జాతిజంటను స్వాధీనము చేసికొనుటకు ఉత్తమమార్గము గ్రంథము తెరువకముందే మీ స్వంతమాటలలో భేదములను వ్రాసికొనుట. రెండు ఈగలను ముందుంచుకొని ముఖము, శృంగములు, కన్నులు, వక్షము, రెక్క, తొడ, పిక్క, పాదము అను క్రమమున ఒక్కొక్క అంగమును పోల్చుడు. భేదములేనిచోట భేదములేదనియే వ్రాయుడు. పిదప గ్రంథము చెప్పు గురుతు మీ పట్టికలో నున్నదా అని చూడుడు. ఉన్నచో ఆ గురుతు ఇకమీద మరపునకు రాదు. లేనిచో మీ చూపు ఏ అంగమును దాటిపోవుచున్నదో తెలియును. మరుసటిసారి ఆ అంగముతోనే ప్రారంభింపుడు.

ఎంత నేర్పు సంపాదించినను కొన్ని ఈగలు పేరు చెప్పవు. స్ఫీరోఫోరియా ఆడ ఈగలలో అధికభాగము నిపుణులకు సయితము జాతివరకు లొంగవు. ఆ ప్రజాతి జాతులను వేరుచేయునవి ప్రధానముగా మగవాని జననాంగముల నిర్మాణవిశేషములు గనుక. పారాగస్‌లో పలుజాతులకును ఇట్లే. ఇట్టిచోట ప్రజాతినామముతో ఆగిపోవుట అజ్ఞానము కాదు; కనబడినంతయే చెప్పుట. ఇంగ్లండున 1976లో ప్రారంభమైన సిర్ఫిడ్ ఈగల నమోదు పథకమునకు వేలకొలది సామాన్యజనులు పంపిన వివరములు అచ్చటి జాతుల హెచ్చుతగ్గులను తెలుపగలుగుచున్నవనిన, ఆ వివరములలో సందేహమున్నచోట సందేహముగానే వ్రాయబడుట అందులకు ఒక కారణము. ఊహించి వ్రాసిన జాతినామము, నిజముగా చూచి వ్రాసినదానితో కలిసిపోయిన పిదప దానిని ఏరివేయుట ఎవ్వరికిని శక్యము కాదు.

కావున నోటుపుస్తకమున తేది, ఊరు, సమయము, ఏ పూవుమీద చూచితిరో, మగదా ఆడదా, ఏ గురుతులను కంటితో చూచితిరో, ఏ గురుతులు చూడ వీలుకాలేదో వేర్వేరుగా వ్రాయుడు. ఉదాహరణమునకు: ‘స్ఫీరోఫోరియా, ఆడది, పేనుబంక సోకిన అలసంద చేని గట్టున, గడ్డిచామంతి పూవుమీద, వక్షపు పక్కచార చూచితిని, జాతి నిర్ణయము కాలేదు.’ మరునాడు అదే గట్టున మగ స్ఫీరోఫోరియా దొరికి, దాని జాతి నిర్ణయమైనచో, దానిని వేరొక పంక్తిలో వ్రాయుడు. అచ్చట రెండు జాతులు కలిసియుండవచ్చును గనుక, మొదటి పంక్తికి ఆ పేరును చేర్పకుడు.